ఐదుగురే ఉన్న 'సినిస్టర్ సిక్స్': విలన్ల కామిక్‌ను ఏ లెక్కన చదవాలి?

కామిక్ పుస్తకం కొనేముందు పాఠకుడు సాధారణంగా చూసేవి రెండే. బొమ్మలు బాగున్నాయా, కథ బాగుందా? విలన్ చుట్టూ తిరిగే సిరీస్ అయితే ఇంకో సందేహం తోడవుతుంది. హీరో చేతిలో దెబ్బలు తినడానికే పుట్టిన పాత్ర, హీరో లేకుండా పదిహేను ఇరవై సంచికల పాటు కథను మోయగలదా? మోయించాలంటే రచయిత వాడిని మంచివాడిగా మార్చేయక తప్పదా? మార్చేశాక అది విలన్ కథ ఎలా అవుతుంది?

ఈ సందేహాలను తేల్చుకోవడానికి మంచి ఉదాహరణ మార్వెల్ సంస్థ 2013 జులైలో మొదలుపెట్టిన 'ది సుపీరియర్ ఫోస్ ఆఫ్ స్పైడర్ మ్యాన్'. నిక్ స్పెన్సర్ రాశారు, స్టీవ్ లీబర్ బొమ్మలు వేశారు. 17 సంచికలు వచ్చి 2014 నవంబర్‌లో ముగిసింది. అమ్మకాల్లో పెద్దగా మెరిసింది లేదు. చదివినవాళ్లు మాత్రం ఇప్పటికీ ఇతరులకు చెప్పి చదివిస్తున్నారు.

ఇందులో ప్రధాన పాత్ర బూమరాంగ్, అసలు పేరు ఫ్రెడ్ మైయర్స్. ఆస్ట్రేలియాలో పుట్టి, అమెరికాలో బేస్‌బాల్ పిచర్‌గా ఎదిగి, అడ్డదారి తొక్కి ఆట నుంచి బయటపడ్డవాడు. బంతి విసిరిన చేత్తోనే ఇప్పుడు బూమరాంగ్‌లు విసురుతూ దొంగతనాలు చేస్తుంటాడు. 1966 నుంచీ మార్వెల్ కథల్లో ఉన్నాడు కానీ ఎవరూ పట్టించుకోని పాత్ర. డీసీ సంస్థకు కూడా 'కెప్టెన్ బూమరాంగ్' అనే విలన్ ఉన్నాడు, వాడూ ఆస్ట్రేలియావాడే. సూసైడ్ స్క్వాడ్ సినిమాల్లో కనిపించింది వాడు, వీడు కాదు.

ఫ్రెడ్ ముఠాలో అతనితో కలిపి ఐదుగురు. చేతులకు తొడిగిన యంత్రాలతో ప్రకంపనలు పుట్టించే షాకర్, మెరుపు వేగంతో పరుగెత్తే స్పీడ్ డెమన్, ఏ బండిని ముట్టుకున్నా దాని రూపం మార్చేసే ఓవర్‌డ్రైవ్, లా చదివిన బీటిల్. ఈ బీటిల్ న్యూయార్క్ మాఫియా నాయకుడు టూంబ్‌స్టోన్ కూతురు. స్పైడర్ మ్యాన్ శత్రువుల్లో పేరుమోసిన ముఠా 'సినిస్టర్ సిక్స్' పేరు వీళ్లు పెట్టేసుకున్నారు. ఆరోవాడు ఏడీ అని ఎవరైనా అడిగితే సమాధానం ఉండదు. ఈ ముఠా స్థాయి ఏమిటో ఇక్కడే తెలిసిపోతుంది. పెంపుడు జంతువుల దుకాణాన్ని దోచుకోవడానికి వెళ్లి కుక్కపిల్లను ఎత్తుకొచ్చే రకం వీళ్లు.

విలన్ సిరీస్ ఎందుకు కష్టమో అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. అమెరికా కామిక్ ప్రచురణకర్తలు 1954లో తమకు తామే ఒక నియమావళి పెట్టుకున్నారు. దాని పేరు కామిక్స్ కోడ్. నేరస్థుడిపై సానుభూతి కలిగేలా రాయకూడదు, చివరికి మంచే గెలవాలి, నేరానికి శిక్ష పడాలి అన్నది దాని సారాంశం. 1971లో కొంత సడలించినా దాని నీడ పోలేదు. 1975లో డీసీ జోకర్‌కు సొంత పత్రిక ఇచ్చినప్పుడు ఈ ఇబ్బంది స్పష్టంగా బయటపడింది. కథానాయకుడు జోకరే, కానీ గెలవకూడదు. సంచిక చివరికి పట్టుబడాలి, లేదా భంగపడాలి. వచ్చే నెల మళ్లీ మొదటి నుంచి మొదలు. తొమ్మిది సంచికలకే పత్రిక ఆగిపోయింది. ఎదగడానికి వీల్లేని, గెలవడానికి వీల్లేని పాత్రతో ధారావాహిక నడపడం ఎవరి వల్లా కాదు.

తర్వాత వచ్చినవాళ్లు ఈ ముడిని రెండు రకాలుగా విప్పారు. 1987లో జాన్ ఆస్ట్రాండర్ 'సూసైడ్ స్క్వాడ్'ను కొత్తగా మలిచారు. లూసియానాలోని బెల్ రీవ్ జైల్లో ఉన్న నేరస్థులను ప్రభుత్వం ప్రాణాంతక పనులకు పంపుతుంది, బతికి తిరిగొస్తే శిక్ష తగ్గుతుంది. విలన్ విలన్‌గానే ఉంటాడు, మెడ మీద కత్తి మాత్రం సర్కారుది. అందులోని కెప్టెన్ బూమరాంగ్, మాట్లాడితే చాలు కాపాడగలిగిన సహచరిని కళ్లెదుటే చనిపోనిస్తాడు, పాత కక్షతో. ఆ సిరీస్ అతన్ని ఎప్పుడూ వెనకేసుకు రాదు, అందుకే 66 సంచికల పాటు నిలబడింది. రెండో దారి 1997లో కర్ట్ బ్యూసిక్, మార్క్ బాగ్లీ తెచ్చిన 'థండర్‌బోల్ట్స్'. కొత్త హీరోల బృందంగా పరిచయమైనవాళ్లంతా వేషం మార్చిన పాత విలన్లేనని మొదటి సంచిక చివరి పేజీలో తెలుస్తుంది. జనం చప్పట్లు కొడుతుంటే వాళ్లలో కొందరికి ఆ వేషమే నచ్చడం మొదలవుతుంది. ఇది మారే విలన్ కథ. చాలా బాగా రాసిన కథే, అయితే దాని తర్వాత ఆ దారిలో వచ్చినవి ఎక్కువ భాగం విలన్‌కు సబ్బు రాసి కడిగేసినవే.

సుపీరియర్ ఫోస్ ఈ రెండు దారులూ తొక్కలేదు. ఇక్కడ ప్రభుత్వం బలవంతమూ లేదు, హృదయ పరివర్తనా లేదు. ఫ్రెడ్‌కు మారే అవకాశాలు రాకపోవడం కాదు. అతని పెరోల్ బాధ్యత చూసే ఏబ్నర్ జెంకిన్స్ ఒకప్పటి బీటిల్, థండర్‌బోల్ట్స్‌తో కలిసి నిజంగానే దారి మార్చుకున్నవాడు. మానేయాలనుకునే విలన్ల కోసం పెట్టిన సమావేశాలకు ఫ్రెడ్‌ను పంపిస్తాడు కూడా. తలుపు తెరిచే ఉంది, లోపలికి వెళ్లడం ఫ్రెడ్‌కు ఇష్టం లేదు. 'సమాజం నన్ను ఇలా చేసింది' అని చెప్పుకునే వీలును రచయిత ఆ ఒక్క పాత్రతో మూసేశారు.

అయినా పాఠకుడు ఫ్రెడ్‌తోనే ఎందుకు నడుస్తాడు? కథ చెప్పేది అతనే కాబట్టి. చనువుగా, నవ్విస్తూ, తన కష్టాలు చెప్పుకుంటూ నేరుగా పాఠకుడితో మాట్లాడతాడు. అబద్ధాలు కూడా పాఠకుడికే చెబుతాడు. సిల్వర్‌మేన్ అనే పాత మాఫియా పెద్ద తల ఒకటి, మొండెం లేకుండా యంత్రాలతో బతికే ఉందనీ, అది దొరికితే న్యూయార్క్ నేర ప్రపంచం తమ చేతిలోకి వస్తుందనీ ముఠాను నమ్మిస్తాడు. అతనికి అసలు కావలసింది వేరే: డాక్టర్ డూమ్ ముసుగు లేని ముఖం ఉన్న చిత్రపటం. ముఠా మోసపోయిందని తెలిసి నవ్వుకునే పాఠకుడికి కొద్ది పేజీల తర్వాత తానూ మోసపోయినట్టు తెలుస్తుంది. ఈ పుస్తకం పట్టు అక్కడుంది. ఫ్రెడ్ మీద ఇష్టం పెరిగే కొద్దీ ఆ ఇష్టానికి ఎవరో మూల్యం చెల్లిస్తున్నారని కథ గుర్తుచేస్తుంటుంది. చెల్లించేది ఎక్కువగా అతన్ని నమ్మిన స్నేహితులే. అందరూ పిరికివాడని వెక్కిరించే షాకర్ పరిస్థితి చదువుతుంటే మొదట నవ్వొస్తుంది, తర్వాత రాదు.

లీబర్ బొమ్మల గురించి ఒక మాట. ఆయన పోరాటాల కంటే ముఖాల మీద ఎక్కువ శ్రద్ధ పెట్టారు. అబద్ధం చెప్పే ముందు ఫ్రెడ్ కళ్లు ఎటు తిరుగుతాయో గమనిస్తే సగం కథ ముందే పట్టేయొచ్చు. కొన్నిచోట్ల మాటల బుడగల్లో మాటలుండవు, చిన్న బొమ్మలుంటాయి. హాస్యం మొత్తాన్ని మాటల మీదే వదిలేయలేదు.

పేరులోని 'సుపీరియర్' చూసి వెనక్కి తగ్గేవాళ్లు ఉంటారు. 2012 డిసెంబర్‌లో వచ్చిన 'అమేజింగ్ స్పైడర్ మ్యాన్' 700వ సంచికతో డాక్టర్ ఆక్టోపస్ మనసు పీటర్ పార్కర్ శరీరంలో స్థిరపడిపోయింది. ఆ తర్వాత డాన్ స్లాట్ రాసిన 31 సంచికల 'సుపీరియర్ స్పైడర్ మ్యాన్' కథ మొత్తం ఆ విలన్‌దే. పీటర్ కంటే తానే మేలైన స్పైడర్ మ్యాన్ అనిపించుకోవాలని అతని పంతం. నగరమంతా నిఘా యంత్రాలు పెడతాడు, లొంగిపోయిన హంతకుడిని కాల్చి చంపుతాడు. కొంతకాలం ఆ పద్ధతే బాగా పనిచేస్తున్నట్టు కూడా కనిపిస్తుంది. అది కూడా చదవదగ్గదే, కాకపోతే స్పైడర్ మ్యాన్ పాత కథలు కొంత తెలిసుండాలి. సుపీరియర్ ఫోస్‌కు ఆ అవసరం లేదు. అదే కాలంలో జరిగే కథే అయినా స్పైడర్ మ్యాన్ ఇందులో దాదాపు కనిపించడు. ఇలాంటి అనుబంధ పత్రికల్లో ఇది అరుదు. సగం కథ వేరే పత్రికలో కొనుక్కోవాల్సిన సిరీస్‌లే ఎక్కువ.

ప్రతినాయకుడి పక్కన నిలబడి కథ చూడటం మన పాఠకులకు కొత్తేమీ కాదు. మైకేల్ మధుసూదన్ దత్ 1861లోనే బెంగాలీలో ఇంద్రజిత్తు పక్షాన 'మేఘనాథ వధ' కావ్యం రాశారు. 'భూకైలాస్', 'సీతారామ కల్యాణం' చిత్రాల్లో రావణుడిగా, 1977 నాటి 'దాన వీర శూర కర్ణ'లో సుయోధనుడిగా ఎన్టీఆర్‌ను చూసి తెలుగు ప్రేక్షకులు ఈలలు వేశారు. అయితే ఒక తేడా ఉంది. మన ప్రతినాయకులు మహావీరులు, పతనంలోనూ గొప్పవాళ్లు. వాళ్ల అభిమానాన్ని, వాళ్ల వాదాన్ని చూసి మెచ్చుకుంటాం. ఫ్రెడ్‌కు వాదమంటూ లేదు, అద్దె బాకీ ఉంది. మహా విషాదాన్ని ఆశించి ఈ పుస్తకం తెరిచినవాళ్లకు నిరాశే. పనికిమాలిన మిత్రబృందం పెద్ద పథకం వేసి బోర్లాపడే కామెడీ నచ్చేవాళ్లకు ఇది ఇంట్లో మనుషుల కథలా ఉంటుంది.

లోపాలు లేకపోలేదు. మధ్యలో రెండు సంచికలు వేరే రచయితల చేతికి వెళ్లాయి. అసలే మలుపుల మీద నడిచే కథకు అక్కడ ఊపు తగ్గింది. వాటిని దాటేసినా ప్రధాన కథలో పోయేదేమీ లేదు. ఫ్రెడ్ ఒకే రకం మోసాన్ని మళ్లీ చేసినప్పుడు చివరి మూడో వంతులో కొంత విసుగు తప్పదు. దోపిడీల్లో దెబ్బతిన్న మామూలు మనుషులు ఈ పుస్తకంలో దాదాపు లేరన్నది ఇంకా పెద్ద లోటు. సూసైడ్ స్క్వాడ్‌కు ఉన్న బరువు దీనికి రాకపోవడానికి ముఖ్య కారణం అదే.

సిరీస్ మొత్తం మూడు సంపుటాలుగా దొరుకుతుంది. మూడూ ఒకేసారి కొనాల్సిన పనిలేదు. మొదటి సంపుటంలో ఫ్రెడ్ మొదటి పెద్ద అబద్ధం బయటపడే చోట పాఠకుడికి నవ్వొచ్చిందా, చిరాకొచ్చిందా అన్నదాన్ని బట్టి మిగతా రెండూ కొనాలా వద్దా తేల్చుకోవచ్చు. నచ్చినవాళ్లకు ఇంకొంచెం మిగిలే ఉంది. 2018లో స్పెన్సర్ 'అమేజింగ్ స్పైడర్ మ్యాన్' పగ్గాలు అందుకోగానే చేసిన పనుల్లో ఒకటి, ఫ్రెడ్‌ను తీసుకెళ్లి పీటర్ పార్కర్ గదిలోనే అద్దెకు దించడం.