నోటి మాట పుస్తకమైంది

ఇంగ్లండులో డర్హాం అనే ప్రాంతం ఉంది. అక్కడ రాబర్ట్ కోలింగ్, చార్లెస్ కోలింగ్ అనే అన్నదమ్ములు ఉండేవారు. వాళ్ళు పొట్టి కొమ్ముల ఆవులను పెంచేవారు. మంచి ఆవును, మంచి ఆబోతును ఏరి కట్టించేవారు.

1810లో తమ్ముడు చార్లెస్ తన పశువులను వేలం వేశాడు. 'కామెట్' అనే ఆబోతు వెయ్యి గినీలు పలికింది! గినీ అంటే ఆనాటి బంగారు నాణెం. ఎందుకంత ధర? చూడ చక్కని ఆబోతు. పైగా దాని తల్లీ తండ్రీ ఏవో అందరికీ తెలుసు.

చాలా పశువుల సంగతి నోటి మాటగానే ఉండేది. రైతు పోతే ఆ సంగతీ పోయేది. జార్జి కోట్స్ అనే ఆయన రైతులను అడిగి అవన్నీ రాసుకున్నాడు. 1822లో పుస్తకం వేశాడు.

అమ్మా! మీ ఆవు ఎప్పుడు కట్టింది? ఎప్పుడు ఈనింది? పూటకు ఎన్ని పాలిస్తోంది? రాసి పెట్టుకోండి. అమ్మే రోజున ఆ కాగితమే మీ సాక్ష్యం.