గోదావరి మీద ఒక రోజు: పిల్లలతో పాపికొండలు బోటు ప్రయాణం



హాఫ్ ఇయర్లీ పరీక్షలు దగ్గర పడుతున్నాయంటే మన పిల్లలు రెండు లెక్కలు వేస్తారు. ఇంకా ఎన్ని పాఠాలు మిగిలాయన్నది ఒకటి, పరీక్షలయ్యాక ఎక్కడికి వెళ్దామన్నది రెండోది. ఆ రెండో ప్రశ్నకు గోదావరి మంచి జవాబు. తాతయ్య, అమ్మమ్మల తరం 1973లో వచ్చిన ‘అందాల రాముడు’ సినిమాలో ఈ నదిని చూసింది. మీలో చాలామంది 2006లో వచ్చిన ‘గోదావరి’లో చూశారు. ఈసారి మీ పిల్లలకు తెర మీద కాకుండా బోటు రెయిలింగ్ పట్టుకుని చూసే అవకాశం ఇవ్వండి.

అయితే ఇది పార్కుకు వెళ్ళి వచ్చినంత తేలిక వ్యవహారం కాదు. కాస్త తెలుసుకుని వెళ్తే పిల్లలు ఆ రోజును ఏళ్ళ తరబడి గుర్తుంచుకుంటారు. తెలియకుండా వెళ్తే ప్రమాదం కూడా ఉంటుంది. అందుకే ఈ నెల ఈ వ్యాసం.

రోజు ఎలా గడుస్తుంది?

పాపికొండలు ప్రయాణానికి ఎక్కువమంది రాజమహేంద్రవరం నుంచే బయలుదేరతారు. ఉదయాన్నే బస్సులోనో వ్యానులోనో నది ఒడ్డు వెంబడి ఎగువకు తీసుకెళ్తారు. పోలవరం ప్రాజెక్టు దాటాక గండిపోచమ్మ అమ్మవారి గుడి దగ్గర బోటు ఎక్కుతారు. టిఫిను, మధ్యాహ్న భోజనం సాధారణంగా బోటులోనే. మైకు పట్టుకున్న గైడ్ దారి పొడవునా ఊళ్ళ పేర్లు, కొండల పేర్లు చెబుతూ, మధ్యమధ్య పిల్లలతో పాటలు పాడిస్తాడు. కొండల ఇరుకు దాటాక పేరంటాలపల్లి దగ్గర దిగి శివాలయం చూసి, తిరుగు ప్రయాణం మొదలుపెడతారు. మళ్ళీ రాజమహేంద్రవరం చేరేసరికి సాయంత్రం దీపాలు పెట్టే వేళ అవుతుంది. భద్రాచలం వైపు నుంచి వచ్చేవారు పోచవరం దగ్గర బోటు ఎక్కుతారు.

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు వాతావరణం హాయిగా ఉంటుంది. వానాకాలంలో వరద పెరిగితే బోట్లు ఆపేస్తారు. అలా ఆపేస్తే డబ్బు పోయిందనో సెలవు వృథా అయిందనో విసుక్కోవద్దు. ఎందుకో కింద చదవండి.

ఆ ఇరుకులో ఏం జరుగుతుంది?

నాసిక్ దగ్గర త్ర్యంబకేశ్వరంలో పుట్టి 1,465 కిలోమీటర్లు ప్రవహించే గోదావరి తూర్పు కనుమలను చీల్చుకుని వచ్చేది ఈ పాపికొండల దగ్గరే. రెండు వైపులా కొండలు, నడుమ నది చూస్తే జుట్టు మధ్య తీసిన పాపిడిలా ఉంటుంది. అందుకే మొదట ‘పాపిడి కొండలు’ అనేవారని, అదే పాపికొండలు అయిందని చెబుతారు.

మీ పిల్లలకు ఒక పోలిక చూపించండి. రాజమహేంద్రవరంలో 1900 నాటి హేవ్‌లాక్ వంతెన ఉంది. దాని పొడవు సుమారు 2.7 కిలోమీటర్లు, అంటే అక్కడ నది అంత వెడల్పు. ఎగువన కొండల మధ్యకు వెళ్ళేసరికి అదే నది కొన్ని వందల మీటర్లకు కుదించుకుపోతుంది. మరి అన్ని నీళ్ళూ ఎక్కడికి పోయాయి? లోతుకు పోయాయి. వరద రోజుల్లో లోతు చాలనప్పుడు వేగంగా మారతాయి. తోటకు నీళ్ళు పట్టేటప్పుడు పైపు చివర బొటనవేలు అడ్డం పెడితే నీళ్ళు ఎలా దూసుకొస్తాయో, ఇదీ అంతే. నది మలుపు తిరిగేచోట ఆ వేగం కొండరాతికి కొట్టుకుని వెనక్కి తిరిగి సుడులు కడుతుంది. పైనుంచి చూసేవాళ్ళకు నీళ్ళు నిమ్మళంగానే కనిపిస్తాయి. సరంగుకు మాత్రం ఆ నీటి తీరు తెలిసి ఉండాలి.

2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర జరిగింది మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. నది వరద మీద ఉన్న రోజు డెబ్బై మందికి పైగా ఉన్న పర్యాటక బోటు తిరగబడింది. సగానికి పైగా ప్రాణాలు కోల్పోయారు. వారిలో పిల్లలూ ఉన్నారు. ఒడ్డున ఉన్న గిరిజన గ్రామాలవాళ్ళు నాటు పడవలు వేసుకొచ్చి కొందరిని బయటికి లాగారు. మునిగిన బోటును పైకి తీయడానికి నెలకు పైగా పట్టింది. ఆ తర్వాత ప్రయాణాలు చాలాకాలం ఆగాయి. బోట్లు ఎక్కేచోట్ల కంట్రోల్ రూములు పెట్టి, ప్రయాణికుల పేర్లు నమోదు చేసుకుని, నీటిమట్టం చూసి అనుమతి ఇచ్చే పద్ధతి వచ్చింది.

ఇది మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. రోజూ వందలమంది సుఖంగా వెళ్ళి వస్తున్నారు. కానీ నియమాలు పెట్టడం ప్రభుత్వం పని అయితే, మన పిల్లల విషయంలో వాటిని పాటించే పని మనది.

లైఫ్ జాకెట్: ఈ ఒక్క విషయంలో రాజీ వద్దు

నీటిలో మనిషి బరువు దాదాపుగా నీరే మోస్తుంది. నోరు, ముక్కు నీటి పైన ఉండటానికి పెద్దవాళ్ళకు సాధారణంగా 3 నుంచి 5 కిలోల అదనపు ఆసరా చాలు. లైఫ్ జాకెట్ ఇచ్చేది అదే. చిన్న ఆసరాయే, కానీ ఈత రానివాడికీ, ఈత వచ్చినా బట్టలు తడిసి బెదిరిపోయినవాడికీ ప్రాణం నిలిపేది అదే.

బోటు ఎక్కగానే అందరూ జాకెట్ వేసుకుంటారు. అరగంట గడిచేసరికి ఉక్క మొదలవుతుంది. తర్వాత ఫోటోలు, ఆ తర్వాత భోజనాలు. అప్పుడు ఒక్కొక్కటిగా జాకెట్లు విప్పి కుర్చీల మీద పడేస్తారు. విప్పిన జాకెట్ ఎవరినీ కాపాడదు. బోటు ఒరగడానికి నిమిషాలు పట్టదు కాబట్టి, అప్పటికప్పుడు వెతుక్కుని వేసుకునే వ్యవధి ఉండదు.

అందుకని ఈ నాలుగూ గుర్తుంచుకోండి.

1. పిల్లలకు పిల్లల సైజు జాకెట్టే అడగండి. వేసి, క్లిప్పులు బిగించి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగండి. జాకెట్ గడ్డం, చెవుల మీదికి జారిందంటే అది వదులు. నీటిలో జాకెట్ పైకి తేలి బిడ్డ కిందికి జారిపోతుంది. సరైన సైజు లేదంటే ఆ బోటు ఎక్కకండి.

2. దిగేదాకా తీయవద్దు. భోజనం చేసేటప్పుడూ, టాయిలెట్‌కు వెళ్ళేటప్పుడూ, ఫోటో దిగేటప్పుడూ అంతే. ముందు మీరు తీయకండి. అమ్మానాన్నలు తీసేశాక బిడ్డకు చెప్పే మాటకు విలువ ఉండదు.

3. పాపికొండలు వచ్చాయని గైడ్ చెప్పగానే అందరూ పై డెక్ మీదికి, ఒకే పక్కకు ఎగబడతారు. రెండంతస్తుల బోటులో బరువు పైకి, పక్కకు చేరిన కొద్దీ ఒరిగే గుణం పెరుగుతుంది. మీరు పిల్లలతో కూర్చున్నచోటే ఉండండి. కొండలు ఎక్కడికీ పోవు, తిరుగు ప్రయాణంలో రెండో పక్క నుంచి కూడా కనిపిస్తాయి.

4. బోటు కిక్కిరిసినట్టు కనిపించినా, పేర్లు నమోదు చేయకుండా ఎక్కించుకుంటున్నా, ‘మేం రాము’ అని చెప్పడానికి మొహమాటపడకండి. అడ్వాన్సు పోతే పోయింది. పిల్లల ముందు మీరు అలా వెనక్కి తిరిగితే, వాళ్ళు నేర్చుకునే పాఠం ఏ క్లాసులోనూ దొరకదు.

మైకులో తక్కువగా వినిపించే కథ

దారిలో ఒకచోట నీళ్ళలోంచి పైకి తేలిన చెట్ల కొమ్మలు, ఖాళీ అయిన ఇళ్ళ ఆనవాళ్ళు మీకు కనిపించవచ్చు. పోలవరం కాఫర్ డ్యాం వెనుక నిలిచిన నీటిలో దేవీపట్నం, దాని చుట్టుపక్కల ఊళ్ళు మునిగాయి. ఆ కుటుంబాలు పునరావాస కాలనీలకు తరలివెళ్ళాయి. 2014లో జాతీయ ప్రాజెక్టు అయిన పోలవరంలో పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు. నీళ్ళు ఆ మట్టానికి చేరితే ఇంకా ఎన్నో ఊళ్ళు ముంపులోకి వస్తాయి.

పిల్లలు తప్పకుండా అడుగుతారు: “మరి ఆ ఇళ్ళవాళ్ళు ఏమయ్యారు?” మాట దాటేయకండి. డ్యాం వల్ల పొలాలకు, పట్నాలకు నీళ్ళు వస్తాయి. దాని కోసం కొందరు తాతల నాటి ఇల్లు, గుడి, బడి వదిలి వెళ్ళాల్సి వచ్చింది. రెండూ నిజమే అని చెప్పండి. “మన ఊరు మునుగుతుందంటే నువ్వేం తీసుకెళ్తావు?” అని అడిగి చూడండి. ఆరో క్లాసు పిల్లలు కూడా ఈ ప్రశ్నకు మనం ఊహించని జవాబులు చెబుతారు.

పేరంటాలపల్లిలో బేరం ఎందాకా?

పేరంటాలపల్లి దగ్గర దిగగానే దారి పక్క వెదురు వస్తువుల దుకాణాలు కనిపిస్తాయి. బుట్టలు, పెన్నుల స్టాండ్లు, వెదురును సన్నగా చీల్చి చేసిన పూలు అమ్ముతారు. ఈ కొండల్లో కొండరెడ్లు తరతరాలుగా ఉంటున్నారు. వెదురు పని వాళ్ళ చేతుల్లో పెరిగిన విద్య.

బయలుదేరే ముందే పిల్లలకు తలా ఇంతని, ఉదాహరణకు 200 రూపాయలు, చేతికి ఇచ్చేయండి. ఇక ఆ రోజంతా అదే వాళ్ళ బడ్జెట్. ఐస్‌క్రీం కొన్నా, బుట్ట కొన్నా అందులోంచే. మిగిలితే వాళ్ళదే, చాలకపోతే అప్పు లేదు. ఖర్చులు చిన్న పుస్తకంలో వాళ్ళతోనే రాయించండి. కూడికలు, తీసివేతలు నోట్‌బుక్కులో చేయడం వేరు, రెండు వస్తువుల మధ్య తేల్చుకోలేక నిలబడి చేయడం వేరు.

బేరం సంగతి కూడా చెప్పాలి. మాల్‌లో ధర చీటీ చూసి నోరెత్తం కానీ, నేల మీద గుడ్డ పరుచుకుని కూర్చున్న ఆవిడ దగ్గర సగానికి అడుగుతాం. పిల్లలు ఇది గమనిస్తారు. కొనే ముందు “ఇది అల్లడానికి ఎంతసేపు పడుతుందమ్మా?” అని మీ అమ్మాయి చేత అడిగించండి. జవాబు విన్నాక ఎంత ఇవ్వాలో ఆ పిల్లే చెబుతుంది.

ఇక్కడంతా 2008లో ప్రకటించిన పాపికొండ జాతీయ ఉద్యానవనం పరిసరాలు. చిప్స్ కవర్లు, నీళ్ళ సీసాలు అడవిలో, నదిలో వేయకుండా ఒక సంచి వెంట తీసుకెళ్ళి తిరిగి తెచ్చేయండి.

సాయంత్రం బజారు

ఓపిక ఉంటే రాజమహేంద్రవరంలో గంటసేపు తిరగండి. బట్టలకు తాడితోట హోల్‌సేల్ మార్కెట్ పేరున్నది. ఎండలో అలసిన పిల్లలకు ఊళ్ళో పేరుపొందిన రోజ్ మిల్క్ ఒక గ్లాసు చాలు, అలక తీరుతుంది.

ఇంటికి తెచ్చుకోవడానికి ఆత్రేయపురం పూతరేకులు ఉండనే ఉన్నాయి. వీటికి 2023లో భౌగోళిక గుర్తింపు దక్కింది. బోర్లించిన కుండను కింద మంట పెట్టి వేడి చేసి, పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో ముంచిన గుడ్డను దాని మీద ఒక్కసారి లాగితే కాగితంలాంటి రేకు లేస్తుంది. చేసి చూపించేవాళ్ళు కనిపిస్తే పిల్లలను ఐదు నిమిషాలు అక్కడ నిలబెట్టండి. కొనేటప్పుడు నెయ్యితో చేసినవేనా, ఏ రోజు చేసినవి అని అడగండి.

మర్నాడు కూడా అక్కడే ఉంటే ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం, కడియం నర్సరీలు చూడొచ్చు. ప్రతి బిడ్డా ఒక మొక్క ఎంచుకుని తెచ్చుకుంటే, ప్రయాణం ఇంటి బాల్కనీలో పెరుగుతూనే ఉంటుంది.

బయలుదేరే ముందు

– అందరి ఆధార్ కాపీలు, పిల్లల స్కూల్ ఐడీ కార్డులు.
– టోపీలు, ఒక జత అదనపు బట్టలు, వాంతులు అయ్యే పిల్లలకు డాక్టరు చెప్పిన మందు.
– టికెట్టులో బస్సు, టిఫిను, భోజనం కలిసి ఉన్నాయో లేదో ముందే అడిగి రాయించుకోండి.
– కొండల మధ్య ఫోన్ సిగ్నల్ సరిగా ఉండదు. ఇంట్లో పెద్దవాళ్ళకు బోటు వివరాలు, తిరిగొచ్చే వేళ చెప్పి వెళ్ళండి.

తిరిగి వచ్చాక పిల్లల చేత ఒక పేజీ రాయించండి: చూసిన వాటిలో నచ్చినది ఒకటి, ఆశ్చర్యపరిచినది ఒకటి, బాధ కలిగించినది ఒకటి. తెలుగులోనో ఇంగ్లిషులోనో వాళ్ళ ఇష్టం. క్లాస్ టీచరుకు ఇస్తే నోటీసు బోర్డు మీద పెడతారు. దానికి తోడు ఒక ఫోటో కూడా పంపండి. అందులో మీ ఇంటిల్లిపాదీ లైఫ్ జాకెట్లతోనే కనిపించాలి సుమా!