కొమ్మ ఇవ్వడం తేలికే, కారణం చెప్పడమే అసలు పని

అంగళ్లు అంటే బయటివాళ్ళకు టమాటా మండీ గుర్తొస్తుంది. ఊరి లోపలి వీధుల్లోకి వెళ్తే ఇంకో రకం సాగు కనిపిస్తుంది. గుమ్మం పక్కన పాత పెయింటు డబ్బాల్లో, ఓటి బిందెల్లో, నూనె క్యాన్లలో మనీ ప్లాంటు, కలబంద, సబ్జా, పుదీనా, మోగ్రా, మూలన ఒక గోరింటాకు చెట్టు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ముస్లిం ఇళ్ళల్లోనూ ఇదే వరస. చాలా వీధుల్లో ఎవరో ఒక ఖాలాకో ఆపాకో ‘చెయ్యి మంచిది’ అన్న పేరుంటుంది. ఆమె గుచ్చితే ఎండు పుల్ల కూడా చిగురేస్తుందంటారు.

ఈ మంచి చెయ్యి అనేది పుట్టుకతో వచ్చిన వరమేమీ కాదు. ముప్పై నలభై ఏళ్ళలో ఏ మొక్క ఎప్పుడు చచ్చిందో, ఎందుకు చచ్చిందో ఆమెకు గుర్తుంది, అంతే. చిక్కల్లా ఆ లెక్క ఆమె తలలోనే ఉండిపోవడం. కోడలికి కొమ్మ అందుతుంది, లెక్క అందదు. కొత్తగా కాపురం పెట్టినవాళ్ళు నర్సరీలో డబ్బు పోసి కొన్న మొక్క నెలలో వాడిపోతే ఫోన్లో వీడియోలు వెతుకుతారు. ఆ వీడియో చేసింది ఏ కేరళలోనో, ఢిల్లీలోనో. అక్కడి వాన వేరు, గాలి వేరు, నీళ్ళు వేరు. పక్కింట్లోనే జవాబు ఉన్నా అడగాలని తోచదు. ఆ ఖాలాకు కూడా తనకు తెలిసింది ‘చదువు’ లెక్కలోకి వస్తుందని తోచదు.

ఇంట్లో మొక్కల మీది ఇష్టం లోకానికి పనికొచ్చే విద్యగా ఎలా మారుతుందో తెలియాలంటే నథానియల్ వార్డ్ సంగతి చూడాలి. ఈయన లండన్‌లో డాక్టరు. పదమూడేళ్ళ వయసులో ఓడలో జమైకా వెళ్ళి అక్కడి పచ్చదనం చూసి మొక్కల పిచ్చిలో పడ్డాడు. పెద్దయ్యాక ఇంట్లో ఫెర్న్ మొక్కలు పెంచాలని చూస్తే బొగ్గు పొగకు అన్నీ మాడిపోయాయి. 1829లో ఒక సీతాకోక జాతి పురుగు గూడును తడి మట్టితో సహా సీసాలో పెట్టి మూత బిగించాడు. కొన్నాళ్ళకు ఆ మట్టిలోంచి ఒక ఫెర్న్, ఒక గడ్డి మొక్క తలెత్తాయి. బయట బతకని మొక్క మూసిన సీసాలో ఎందుకు బతికింది? పగలు మట్టిలోని తడి ఆవిరై గాజుకు పట్టి, మళ్ళీ మట్టిలోకే జారుతోంది. పొగ మసి లోపలికి రావడం లేదు. కారణం దొరికింది. ఆ మొక్కలు నీళ్ళు పోయకుండానే దాదాపు నాలుగేళ్ళు బతికాయి.

ఇంతవరకైతే అది ఒక డాక్టరుగారి సరదా మాత్రమే. వార్డ్ అక్కడ ఆగలేదు. రకరకాల గాజు పెట్టెలు చేయించి చూశాడు, 1833లో రెండు పెట్టెల నిండా మొక్కలు పెట్టి ఓడలో సిడ్నీకి పంపాడు. నెలల ప్రయాణం తర్వాత కూడా అవి పచ్చగా దిగాయి. 1842లో అదంతా పుస్తకంగా రాసి అందరికీ ఇచ్చేశాడు. అలాంటి పెట్టెల్లోనే చైనా తేయాకు మొక్కలు మన దేశానికి వచ్చాయి, మలేరియా మందునిచ్చే సింకోనా నీలగిరులకు చేరింది. తెల్లదొరల వ్యాపారానికి అది ఎంత కలిసొచ్చిందన్నది వేరే కథ. ఇక్కడ చూడాల్సింది ఒకటే: ఆయన తన ఫెర్న్‌ను నలుగురికీ చూపించి ఊరుకోలేదు, అది ఎందుకు బతికిందో చెప్పాడు. కారణం తెలిస్తే ఎవరి ఇంట్లోనైనా పని జరుగుతుంది.

వార్డ్ కంటే ఆరు శతాబ్దాలకు పైగా ముందు, 12వ శతాబ్దం చివర్లో, అందలూసియాలోని ఇష్బీలియాలో (నేటి స్పెయిన్‌లోని సెవిల్) ఇబ్నుల్ అవ్వామ్ ‘కితాబుల్ ఫిలాహా’ రాశాడు. ఐదొందలకు పైగా మొక్కల గురించి అందులో ఉంది. పాత గ్రంథాల్లో చదివిందీ, తాను స్వయంగా చేసి చూసిందీ ఆయన కలిపేయలేదు. ఏది ఎవరి మాటో, ఏది తన అనుభవమో విడిగా చెప్పాడు. ఇవాళ వాట్సాప్‌లో మొక్కల చిట్కాలు పంపేవాళ్ళు ఈ ఒక్క అలవాటు చేసుకున్నా సగం గందరగోళం తగ్గుతుంది.

తెలుగులో దగ్గరి ఉదాహరణ తుమ్మేటి రఘోత్తమరెడ్డి. ఆయన కథా రచయిత. హైదరాబాద్ శివార్లలోని నారపల్లిలో తన ఇంటి మిద్దె మీద కూరగాయలు, పండ్లు, పూలు పెంచారు. పెంచుతూ తెలుసుకున్నది తెలుగులో రాస్తూ వచ్చారు, ‘మిద్దెతోట’ పేరుతో పుస్తకం తెచ్చారు. ‘టెర్రస్ గార్డెన్’ అని తప్ప అననివాళ్ళు కూడా ఇప్పుడు మిద్దెతోట అంటున్నారంటే అందులో ఆయన రాతల పాత్ర పెద్దది. వ్యవసాయ శాస్త్రంలో డిగ్రీ ఉంటేనే చెప్పాలని ఆయన ఎదురుచూడలేదు. చేశారు, చూశారు, రాశారు.

మరి అంగళ్లులోనో పుంగనూరులోనో ఒక ఆపా చెప్పగలిగింది ఏముంటుంది? చాలానే ఉంటుంది.

ముందు నీళ్ళ సంగతి. ఈ ప్రాంతంలో చాలా ఇళ్ళకు బోరు నీళ్ళే దిక్కు. కొన్ని బోర్లలో ఉప్పు, ఫ్లోరైడ్ ఎక్కువ. అలాంటి నీళ్ళు రోజూ పోస్తే కుండీ అంచున, మట్టి పైన తెల్లటి పొర పేరుకుంటుంది. స్పైడర్ ప్లాంటు, డ్రసీనా ఆకుల కొసలు గోధుమరంగుకు తిరిగి ఎండుతాయి. నీళ్ళు చాల్లేదనుకుని జనం ఇంకా పోస్తారు. అప్పుడు ఉప్పు మరింత చేరుతుంది, పైగా వేరు కుళ్ళుతుంది. వాన పడినప్పుడు కుండీని ఆరుబయట పెట్టి అడుగు రంధ్రంలోంచి నీళ్ళు బాగా కారేదాకా తడవనిస్తే ఉప్పు చాలావరకు కొట్టుకుపోతుంది. అలాంటి సున్నితమైన మొక్కలకు నాలుగు బకెట్లు వాన నీళ్ళు మూత పెట్టి దాచుకోవడం మేలు. కొస ఎండిన ఆకును చూసి ఇది ఎండ దెబ్బా, ఉప్పు దెబ్బా అని చెప్పగలిగే మనిషి వీధికి ఒకరున్నా చాలు.

ఇంటి మొక్కలు దాహంతో చచ్చేదానికంటే మనం ఎక్కువ నీళ్ళు పోస్తే చచ్చేదే ఎక్కువ. వేరుకు తడి ఎంత అవసరమో గాలీ అంతే అవసరం. మన ఎర్రమట్టిని ఒట్టిదే కుండీలో నింపితే రెండు నెలల్లో ఇటుకలా బిగుసుకుంటుంది. పైన ఎండినట్టే ఉంటుంది, లోపల బురద. ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు కలిపితేనే గాలి ఆడుతుంది. వేలు రెండు కణుపుల లోతుకు గుచ్చి, లోపల పొడిగా తగిలితేనే నీళ్ళు పోయాలి. స్నేక్ ప్లాంటు, జీజీ ప్లాంటుకైతే మట్టి మొత్తం ఎండేదాకా ఆగాలి. వారానికి ఇన్నిసార్లు అని లెక్క చెప్పేవాళ్ళను నమ్మనక్కర్లేదు. మదనపల్లె సముద్ర మట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంది. డిసెంబరు చలిలో పది రోజులు తడి నిలిచే కుండీ ఏప్రిల్‌లో రెండు రోజులకే ఎండిపోతుంది. ఆ ఏప్రిల్లోనే పడమటి కిటికీ దగ్గర పెట్టిన మనీ ప్లాంటు ఆకులు మధ్యాహ్నం ఎండకు కాలిపోతాయి. తూర్పు కిటికీకి మార్చితే అదే మొక్క కోలుకుంటుంది.

కొమ్మలు పంచుకునే దగ్గర కూడా తెలియాల్సినవి ఉన్నాయి. మనీ ప్లాంటు కొమ్మకు కణుపు లేకపోతే నీళ్ళలో ఎన్నాళ్ళు పెట్టినా కొత్త తీగ రాదు, ఉత్త ఆకు అలాగే ఉంటుంది. అంచుకు పసుపు గీత ఉన్న స్నేక్ ప్లాంటు ఆకు కోసి నాటితే వచ్చే పిల్ల మొక్కకు ఆ గీత ఉండదు, మామూలు పచ్చదే వస్తుంది. గీత నిలవాలంటే దుంపతో సహా పిలకను విడదీసి ఇవ్వాలి. ఇది తెలియక ‘ఆమె మంచిది తను ఉంచుకుని నాకు వేరేది ఇచ్చింది’ అని మాటలు మానుకున్నవాళ్ళూ ఉంటారు.

పేర్ల గొడవ మన ఇళ్ళల్లో మరీ ఎక్కువ. ఒకే మొక్కకు దక్కనీలో ఒక పేరు, తెలుగులో ఒకటి, నర్సరీలో ఇంగ్లీషుది ఇంకొకటి. చాందినీ అంటే నందివర్ధనం. అమ్మీ ‘రాత్ కీ రాణీ’ అనేది సాయంత్రం వాసనొచ్చే చిన్న పూల పొద. నర్సరీవాళ్ళు ‘నైట్ క్వీన్’ అని చేతిలో పెట్టేది చాలాసార్లు అర్ధరాత్రి పూసే తెల్లటి కాక్టస్ పువ్వు. దాన్నే మనవైపు బ్రహ్మకమలం అంటారు. అసలు బ్రహ్మకమలం హిమాలయాల్లో ఉంటుంది, దీనికీ దానికీ చుట్టరికం లేదు. రెండు భాషలూ వచ్చిన మన కుటుంబాలు ఈ చిక్కు విప్పడానికి అందరికంటే తగినవాళ్ళు.

పేరు తప్పితే నవ్వుకుని వదిలేయలేని చోటు కూడా ఒకటుంది. సదాబహార్‌ను తెలుగులో బిళ్ళ గన్నేరు అంటారు. షుగర్ తగ్గుతుందని దాని ఆకులు నమలమని సలహాలు తిరుగుతుంటాయి. ఆ మొక్కలోంచే విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ అనే కాన్సర్ మందులు తీస్తారు. అంత ఘాటైన సరుకును కొలత లేకుండా తినడం మంచిది కాదు. షుగర్ మందు వేసుకునేవాళ్ళకు చక్కెర ఒక్కసారిగా పడిపోయే ప్రమాదమూ ఉంది. ఇక ‘గన్నేరు’ అన్న మాట మాత్రమే చెవిన పడి అసలు గన్నేరు ఆకు తెంపారంటే అది గుండెను ఆపేసే విషం. హాల్లో అందంగా కనిపించే మచ్చల ఆకుల డైఫెన్‌బాకియాను పాకే పిల్లలు కొరికితే నోరు, నాలుక మండి వాస్తాయి. మొక్కల గురించి చెప్పేవాళ్ళు పెంపకం వరకు చెప్పాలి, వైద్యం డాక్టరుకు వదలాలి. పిల్లలున్న ఇంటికి మొక్క ఇచ్చేటప్పుడు ఏది అందకుండా ఎత్తున పెట్టాలో చెప్పి ఇవ్వాలి.

గాలి శుభ్రం చేస్తాయన్న మాట కూడా ఇలాంటిదే. 1989లో నాసా చేసిన ప్రయోగం నిజమే. కానీ అది చిన్న మూసిన గదుల్లో చేసింది. 2019లో అమెరికా పరిశోధకులు పాత ప్రయోగాలన్నీ తిరగేసి లెక్కగట్టారు. మామూలు ఇంట్లో కిటికీల గాలి చేసే పనిని మొక్కలతో చేయించాలంటే చదరపు మీటరుకు 10 నుంచి 1000 మొక్కలు కావాలి. అన్ని పెడితే మనుషులకు చోటుండదు. మొక్కను కంటికి పచ్చగా ఉందని పెంచుకుంటే చాలు, గాలికి కిటికీ తెరవండి. కుండీ కింది పళ్ళెంలో నిలిచిన నీటిని వారానికి ఒక్కసారైనా పారబోయాలన్న జాగ్రత్త మాత్రం తప్పనిసరి. డెంగీ దోమ గుడ్డు పెట్టిన వారం పది రోజుల్లో కొత్త దోమ ఎగురుతుంది.

చెప్పడం ఎలా మొదలుపెట్టాలి అంటే పెద్ద ఏర్పాట్లేమీ అక్కర్లేదు. మొక్క నాటితే దాని నుంచి మనిషి తిన్నా, పక్షి తిన్నా నాటినవాళ్ళకు సదఖా అవుతుందని, పనికొచ్చే ఇల్మ్ వదిలివెళ్తే దాని పుణ్యం పోయాక కూడా అందుతుందని హదీసుల్లో వినే పెరిగాం. మొక్కల ఖాలా దగ్గర ఆ రెండూ ఉన్నాయి. అవి బయటికి రావాలంటే ఇంట్లో చదువుకుంటున్న పిల్లలు ఒక పని చేయొచ్చు. ఆమె మాట్లాడుతుంటే ఫోన్లో రికార్డు చేసి, మొక్క ఫొటోతో పాటు రెండు పేర్లూ రాసి, బంధువుల గ్రూపులో పెట్టడం. దక్కనీలో చెప్తే దక్కనీలోనే ఉంచండి. బతికిన మొక్కతో పాటు చచ్చిన మొక్క ఫొటో కూడా పెట్టాలి. నేర్చుకునేవాళ్ళకు ఎక్కువగా పనికొచ్చేది అదే.

తెలియని తెగులు కనిపిస్తే తోచింది చెప్పకుండా కలికిరి కృషి విజ్ఞాన కేంద్రంలో ఆకు చూపించి అడగొచ్చు. మామూలు పిండినల్లికి మాత్రం ఇంట్లోనే మందుంది. లీటరు నీళ్ళకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు నీళ్ళు కలిపి సాయంత్రం పూట ఆకు అడుగున కొట్టాలి. కుప్పం, మదనపల్లెవాళ్ళకు బెంగళూరు దగ్గరే కాబట్టి జనవరిలోనో ఆగస్టులోనో లాల్‌బాగ్ పూల ప్రదర్శనకు ఆ ఖాలాను తీసుకెళ్ళడం ఇంకా బాగుంటుంది. 1760లో హైదర్ అలీ మొదలుపెట్టి, టిప్పు సుల్తాన్ దూరదేశాల నుంచి మొక్కలు తెప్పించి పెంచిన తోట అది.

కొమ్మలు పంచడానికి జూన్, జూలై నెలలు అనువైనవి. తొలి వానలు పడ్డాక గాలిలో తేమ ఉంటుంది, వేరు త్వరగా పడుతుంది. ఇచ్చేటప్పుడు ఒక చిన్న చీటీ కూడా కట్టి ఇవ్వండి. మొక్క పేరు రెండు భాషల్లో, ఏ కిటికీ దగ్గర పెట్టాలి, మట్టి ఎంత ఎండాక నీళ్ళు పోయాలి. మీ ఇంట్లో అది ఒకసారి వాడిపోయి ఉంటే ఎందుకు వాడిందో అది కూడా.