సముద్రపు చేపకు ఏ ఫిల్టరు?

ఇబ్రహీంపట్నంలో పెద్ద చెరువుంది గాని సముద్రం లేదు. అయినా లీటరు నీటికి సుమారు 35 గ్రాముల సముద్ర లవణాల మిశ్రమం కలిపి, సముద్రపు చేపను ఇంట్లో పెంచవచ్చు. అసలు చిక్కు వడపోతలో ఉంది.

చేప విసర్జించే అమ్మోనియా చేపకే విషం. అది నీటిలో కరిగి ఉంటుంది కనుక కొత్త స్పాంజి దాన్ని ఆపలేదు. మరి ఎవరు ఆపుతారు? బాక్టీరియా! కొన్ని అమ్మోనియాను నైట్రైటుగా, మరికొన్ని నైట్రైటును అంతగా హాని చేయని నైట్రేటుగా మారుస్తాయి.

అందుచేత ఫిల్టరులో ఈ జీవులకు చోటెంత ఉందో చూడండి. సన్నని రంధ్రాలున్న పింగాణీ రింగులు మంచివి. పగడాల జోలికి పోకండి. వన్యప్రాణి రక్షణ చట్టం వాటిని కాపాడుతోంది.

చేపలు లేని తొట్టిలో ఫిల్టరు నడుపుతూ రోజూ చిటికెడు మేత వేయండి. అది కుళ్ళి అమ్మోనియా పుడుతుంది. దాన్ని తిని బాక్టీరియా పెరుగుతాయి. ఇందుకు సాధారణంగా 4 నుండి 6 వారాలు పడుతుంది. పరీక్షలో అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నాకు వచ్చాకే చేపను వదలండి. తొందరపడితే పోయేది చేప ప్రాణమే!