ఏ మొత్తంలో భాగం?

బాపట్ల జిల్లా కారంచేడుకు పొరుగున, ఇంకొల్లు మండలంలో పావులూరు ఉంది. ఆ ఊరి పేరే ఇంటిపేరుగా గల పావులూరి మల్లన, రాష్ట్రకూట రాజు అమోఘవర్షుని కాలంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రచించిన ‘గణితసార సంగ్రహా’న్ని 11వ శతాబ్ద ప్రాంతంలో తెలుగు పద్యాల్లోకి తెచ్చి, మన భాషలో తొలి గణిత గ్రంథకర్తగా నిలిచాడు. మూలగ్రంథంలోని ప్రకీర్ణకమనే అధ్యాయం, తీసివేసిన భాగాలూ చివరి మిగులూ తెలిసినప్పుడు అసలు మొత్తాన్ని రాబట్టే విధానాన్ని బోధిస్తుంది. అందులో ప్రతి భాగాన్నీ మొదటి మొత్తం నుంచే లెక్కించేది భాగజాతి, ఒక భాగం పోగా మిగిలినదాని నుంచి తరువాతి భాగాన్ని లెక్కించేది శేషజాతి.

ఈ రెండింటి తేడా చిన్నది కాదు. ఒక కౌలురైతు ధాన్యంలో సగం కౌలుకు, మూడోవంతు అప్పుకు పోయి 20 బస్తాలు మిగిలాయనుకుంటే, ఆ మూడోవంతు మొత్తం పంటలోనిదైతే పండినవి 120 బస్తాలు. కౌలు పోగా మిగిలినదానిలోనిదైతే పండినవి 60 బస్తాలే. భిన్నాలు అవే, మిగులూ అదే అయినా, ఏ మొత్తంలో భాగమో చెప్పకపోవడం వల్ల జవాబు రెట్టింపయింది.

శాతం కూడా నూటిలో ఇన్ని భాగాలని చెప్పే భిన్నమే కాబట్టి ఈ ప్రమాదం దానికీ ఉంది. కొనుగోలు కేంద్రంలో ధాన్యం తేమ 17 శాతానికి మించకూడదన్న నిబంధన ఉండగా, 22 శాతం తేమ ఉన్న 75 కిలోల బస్తాను ఆరబెడితే తగ్గేది 5 శాతమే కదా, అంటే 3.75 కిలోలే కదా అనిపిస్తుంది. నిజానికి నీరు పోయినకొద్దీ మొత్తమూ తగ్గుతుంది, మారనిది 58.5 కిలోల పొడి గింజ మాత్రమే. అది కొత్త తూకంలో 83 శాతం కావాలంటే బస్తా సుమారు 70.5 కిలోలకు దిగాలి, అంటే నాలుగున్నర కిలోలు తరుగుతుంది. బస్తాకు ముప్పాతిక కిలో తేడా పడే ఈ లెక్క ప్రతి రైతు ఇంటికీ చేరవలసినది.

భాగం నుంచి మొత్తాన్ని ఊహించడం మరింత కష్టమైన పని, దానికే నమూనా సేకరణ అని పేరు. అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు చెబుతుంది, ఎందుకంటే కుండలోని గింజలన్నిటికీ వేడి దాదాపు ఒకేలా తగులుతుంది. కానీ కొమ్మమూరు వంటి సాగునీటి కాలువ కింద ఎగువ చేలకూ శివారు చేలకూ నీరు అలా సమానంగా అందదు. అందుకే కొద్ది చోట్ల పంట కోసి తూచి దిగుబడిని అంచనా వేసే పంటకోత ప్రయోగంలో సర్వే నంబరును, ఆ చేలో కోయవలసిన చోటును ఎవరి ఇష్టానికీ వదలకుండా యాదృచ్ఛిక సంఖ్యలతో, అంటే చీటీలు తీసినట్లు ప్రతి చోటుకూ అవకాశం దక్కే పద్ధతిలో, నిర్ణయిస్తారు. 1920లలో బీహార్, ఒరిస్సా వరిచేలలో జె.ఎ. హబ్బక్ ఈ మార్గాన్ని ఆచరించి చూపగా, తరువాత పి.వి. సుఖాత్మే, వి.జి. పాన్సే దాన్ని దేశమంతటికీ పనికివచ్చేలా తీర్చిదిద్దారు.

వరికి కోసే మడి 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు. ఎకరంలో అలాంటివి సుమారు 162 పడతాయి. మడిలో 15 కిలోలు రాలితే ఎకరాకు 2,430 కిలోలని లెక్క తేలుతుంది, కానీ తూకంలో ఒక్క కిలో పొరబడినా ఎకరాకు రెండు బస్తాలకు పైగా తేడా వస్తుంది. మడుల సంఖ్య పెంచితే నమూనా వల్ల కలిగే పొరపాటు తగ్గుతుంది గాని, దాన్ని సగానికి తేవడానికి నాలుగు రెట్ల మడులు కోయాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావు 1945లో, ఎంచుకున్న నమూనాతో వేసే నిష్పక్షపాతమైన అంచనాలోని అనిశ్చితి ఒక హద్దుకు దిగువకు పోజాలదని నిరూపించారు.

పంటనష్టానికి పరిహారాన్ని ఈ కోతల సగటుతో తేల్చే, 2016లో మొదలైన ప్రధానమంత్రి ఫసల్ బీమా పథకం నిబంధనలు ప్రధాన పంటకు మండలం యూనిట్ అయితే కనీసం 10, గ్రామం యూనిట్ అయితే కనీసం 4 ప్రయోగాలు కోరాయి. మండలంలో 15 గ్రామాలుంటే 10 కోతల పని 60 కోతలవుతుంది. ఆ శ్రమ వ్యర్థం కాదు, ఎందుకంటే మండల సగటులో ఒక శివారు గ్రామం నష్టం కనబడకుండా కలిసిపోతుంది. అయితే గ్రామ సగటు కూడా ఆ ఊరిలోని ఏ ఒక్క రైతు దిగుబడీ కాదు. పది ఎకరాలు బాగా పండిన చోట ఎండిన ఒక్క ఎకరానికి సగటు దిగుబడిని బట్టి పరిహారం రాకపోవచ్చు.