చెక్క మీద ముఖం ఎందుకు మాడింది?

చెక్క మీద లేజర్‌తో ఫోటో చెక్కితే కళ్ళూ ముక్కూ తెలియకుండా అంతా నల్లగా అలుక్కుపోయిందని దిగులు పడుతున్నావు కదూ, చిట్టితల్లీ! పవర్ తగ్గించావు, స్పీడు పెంచావు, అయినా దారికి రాలేదు. కాసేపు ఆ రెండింటినీ వదిలెయ్. లేజర్‌కి ఏం చేతనవునో, ఏం చేతకాదో ముందు చూద్దాం.

నీ బల్ల మీదున్న చిన్న మెషిన్‌లోది డయోడ్ లేజర్. దాని నీలి వెలుగు తరంగదైర్ఘ్యం సుమారు 450 నానోమీటర్లు. ఆ వెలుగు చెక్క మీద పడి వేడిగా మారుతుంది. చెక్కలోని సెల్యులోజ్, లిగ్నిన్ ఆ వేడికి విడిపోయి బొగ్గు మిగులుతుంది. ఇదంతా పెనం మీద దోసె వ్యవహారమే: మంట ఎంతన్నదీ, ఎంతసేపు ఉంచామన్నదీ రెండూ లెక్కే. పైగా దోరరంగు నుంచి మాడుకి పోవడానికి క్షణం పట్టదు. అందుకే చెక్క మీద మధ్యరకం బూడిద రంగుని నేరుగా కాల్చి తెప్పించడం చాలా కష్టం.

మరి ఫోటోలో ఉన్నదంతా ఆ మధ్యరంగులే కదా? అక్కడే చుక్కలు ఆదుకుంటాయి. వార్తాపత్రికలోని నలుపు తెలుపు ఫోటోని భూతద్దం పెట్టి చూడు. సిరా ఒకటే నలుపు. చుక్క పెద్దదైన చోట ముదురు, చిన్నదైన చోట లేత. మన లేజర్ చుక్కలన్నీ దాదాపు ఒకే సైజు కాబట్టి వాటిని ఒకచోట దగ్గరగా, ఇంకోచోట ఎడంగా పరుస్తాం. దీన్నే డిథరింగ్ అంటారు. 1976లో రాబర్ట్ ఫ్లాయిడ్, లూయిస్ స్టైన్‌బర్గ్ ప్రచురించిన పద్ధతి చూడు, ఎంత ముచ్చటైన లెక్కో! బూడిద రంగు చుక్కని నలుపో తెలుపో అని తేల్చేయగా మిగిలిన తేడాని పారేయరు. పదహారు వంతులు చేసి కుడిపక్క చుక్కకి 7, కింది వరసలో ఎడమకి 3, సరిగ్గా కిందికి 5, కుడికి 1 పంచుతారు. ఆ ఏడాదే వచ్చిన జార్విస్ పద్ధతి పన్నెండు చుక్కలకి పంచుతుంది. ముఖాలకి నాకదే నచ్చుతుంది.

ఇప్పుడు అసలు తగాదా. కంప్యూటర్ చుక్కకి చుక్క ఎక్కడా కలవకుండా లెక్క వేస్తుంది. లేజర్ కాల్చిన మచ్చ ఆ లెక్కకి కట్టుబడదు. నువ్వు డీపీఐ, అంటే అంగుళానికి ఎన్ని చుక్కలన్నది, 254 పెట్టావనుకో, అంగుళం 25.4 మిల్లీమీటర్లు కనుక గీతకీ గీతకీ మధ్య 0.1 మిల్లీమీటరు వస్తుంది. నీ లేజర్ వేసే మచ్చ 0.15 ఉంటే పక్కపక్క మచ్చలు ఒకదానిమీదొకటి పడి, తెల్లగా మిగలాల్సిన చోటు కూడా పూడిపోతుంది. నీ ఫోటో నల్లబడింది ఇందుకే. డీపీఐ ఎక్కువైతే బొమ్మ తేటగా వస్తుందన్న నమ్మకమే ఇక్కడ కొంప ముంచుతోంది. అదే చెక్క తునక మీద 0.08, 0.1, 0.12, 0.15 ఎడంతో గీతలు కొట్టించి చూడు. గీతల మధ్య తెలుపు అప్పుడే మాయమయ్యే ఎడం ఏదో, నీ మెషిన్‌కి అదే సరైన కొలత. ఒకసారి డిథర్ చేసిన బొమ్మని మాత్రం మళ్ళీ సాగదీయకు, కుదించకు. చుక్కలు చెదిరి లేనిపోని చారలు పుడతాయి.

మచ్చ లావైందంటే ఫోకస్ తప్పిందేమో కూడా చూడు. పలక ఒక పక్క వంగి ఉంటే ఆ పక్కే మసకబారుతుంది. పొగ చేరి లెన్స్ మురికిపట్టినా అంతే. మెషిన్ ఆపి, చల్లారాక, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో తుడువు. అంచులు అటూఇటూ రంపపు పళ్ళలా కనబడితే తప్పు బొమ్మది కాదు. బెల్టు వదులైంది, లేదా వెళ్ళేటప్పటి గీతా వచ్చేటప్పటి గీతా ఒకదానికొకటి సరిపోవడం లేదు.

ఇక ఫోటో సంగతి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో నలిగి వస్తుంది, డాక్యుమెంట్‌గా పంపమను. వెనకున్న పరదాలూ, చెట్లూ తీసెయ్. మన చామనఛాయ ముఖాలు నీడలో తీస్తే చెక్క మీద ఇంకా నల్లబడతాయి కాబట్టి మధ్యరంగుల్ని ముందే కాస్త లేతగా చెయ్. కళ్ళూ కనుబొమలూ కొంచెం పదును పెట్టు.

చెక్క ఎంపికలోనూ ఉంది కిటుకు. పైన్ చెక్కలో మెత్తని చారా గట్టి చారా ఒకే వేడికి వేర్వేరుగా కాలతాయి, ముఖం మీద అడ్డచారలు తప్పవు. లేత రంగుదీ, ఈనె కనబడనిదీ తీసుకో. పారదర్శకమైన అక్రిలిక్ జోలికి పోకు; నీలి వెలుగు దాన్ని దాటి వెళ్ళిపోతుంది. దానికి 10.6 మైక్రోమీటర్ల కార్బన్ డయాక్సైడ్ లేజర్ కావాలి. 1964లో బెల్ ల్యాబ్స్‌లో దాన్ని తయారు చేసిన కుమార్ పటేల్ మన బారామతిలో పుట్టినవాడే!

ఏది మార్చినా ఒక్కోసారి ఒక్కటే మార్చి, ఆ తునక వెనక పెన్సిల్‌తో కొలతలు రాసిపెట్టుకో. రెక్సిన్ లాంటి పీవీసీ సరుకు మాత్రం ఎప్పుడూ కాల్చకు, హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది. ఊపిరితిత్తులకీ చేటు, మెషిన్‌కీ చేటు. 450 నానోమీటర్లకి తగిన కళ్ళద్దాలు లేకుండా బటన్ నొక్కకు, మెషిన్ నడుస్తుంటే గది వదిలి వెళ్ళకు తల్లీ.