కృష్ణబిలం మోగిన వేళ
బెంగళూరు శాస్త్రవేత్త 1970లో కాగితంపై లెక్కగట్టిన మోత 45 ఏళ్ల తర్వాత యంత్రాలకు చిక్కింది

కంచు పళ్లేన్ని కొడితే ఖంగుమంటుంది. మట్టి ముద్దను కొడితే ఉలుకూపలుకూ ఉండదు. మోతను బట్టి వస్తువేమిటో చెప్పొచ్చు. మరి కాంతిని సైతం బయటికి వదలని కృష్ణబిలాన్ని 'కొడితే'? బెంగళూరుకు చెందిన సి.వి. విశ్వేశ్వర ఈ ప్రశ్న వేసుకునేనాటికి, ఆకాశంలో ఫలానాది కృష్ణబిలమని ఎవరూ వేలెత్తి చూపలేని పరిస్థితి. ఉన్నవల్లా సమీకరణాలే.

ఐన్‌స్టీన్ 1915లో చెప్పినదాని ప్రకారం గురుత్వాకర్షణ అంటే స్థలకాలాల్లో వచ్చే వంపు. సూర్యుడి చుట్టూ ఆ వంపు స్వల్పం. అదే సూర్యుణ్ని 3 కి.మీ. వ్యాసార్థంలోకి కుదిస్తే లోపలి నుంచి బయటికి దారే ఉండదు. ఆ సరిహద్దుకు ఒకటిన్నర రెట్ల దూరంలో స్థలం ఎంతగా వంగిపోతుందంటే, కాంతి కూడా గుండ్రంగా తిరగగలదు.

విశ్వేశ్వర ఆ వంపు మీదికి గురుత్వ తరంగాలను పంపి చూశారు, లెక్కల్లోనే. కురచ తరంగం తాకగానే కృష్ణబిలం చుట్టూ ఉన్న స్థలం కంపించి, క్షణాల్లో సద్దుమణిగింది. ఈ ఫలితం 1970లో 'నేచర్' పత్రికలో వెలువడింది. ఆ కంపన వేగం, అది అణగిపోయే తీరు కృష్ణబిలం ద్రవ్యరాశి, భ్రమణాలను పట్టించేస్తాయి. అంటే ఆ మోత దాని వేలిముద్రే.

2015 సెప్టెంబర్ 14న అమెరికాలోని లైగో యంత్రాలు తొలి గురుత్వ తరంగాన్ని పట్టుకున్నాయి. సుమారు 130 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో, సూర్యుడికి 36 రెట్లు, 29 రెట్లు ఉన్న రెండు కృష్ణబిలాలు ఒక్కటయ్యాయి. మిగిలింది 62 రెట్లు. తక్కిన మూడు సూర్యుల ద్రవ్యరాశి తరంగాలుగా మారిపోయింది. అయినా లైగోలోని 4 కి.మీ. భుజాల్లో కలిగిన తేడా ప్రోటాన్ వ్యాసంలో వందో వంతు కూడా లేదు. సంకేతం చివర్లో సన్నగా ఆ మోత. దశాబ్దాల నాటి లెక్కకు సాక్ష్యం దొరికిందని 2016 ఫిబ్రవరిలో ప్రపంచానికి తెలిసింది. మరుసటి ఏడాది జనవరిలో విశ్వేశ్వర కన్నుమూశారు.

2025 జనవరి 14న అందిన సంకేతంలో మోత మరింత స్పష్టంగా వినిపించింది. అందులో కనీసం రెండు స్వరాలను శాస్త్రవేత్తలు విడదీయగలిగారు. రెండూ ఐన్‌స్టీన్ సిద్ధాంతానికి కట్టుబడే ఉన్నాయి. ఏ స్వరమైనా లెక్క తప్పితే ఆ సిద్ధాంతాన్నే తిరగరాయాల్సి వచ్చేది.

మహారాష్ట్రలోని హింగోలి జిల్లాలో రూ.2,600 కోట్లతో లైగో-ఇండియా నిర్మాణానికి కేంద్ర మంత్రివర్గం 2023 ఏప్రిల్‌లో ఆమోదం తెలిపింది. అది పూర్తయితే, భారతీయుడు కాగితంపై విన్న మోతను భారత గడ్డ మీదే వినొచ్చు.